పొలమారితే ఎవరు తలుచుకున్నట్టు

నేను ఆర్మీకి వెళ్ళినప్పుడు మా ఊరి సెంటర్లో నాకో ఫ్లెక్సీ కట్టారు. తల నాది. మెడ నుంచి కిందికి ఇంకెవరిదో. ఆ ఒంటి మీదున్న యూనిఫాం ఏ దేశానిదో ఇప్పటికీ నాకు తెలీదు. చేతిలో పెట్టిన తుపాకీ మాత్రం మన దగ్గర వాడరు. ‘దేశమాత ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు’ అని పెద్దక్షరాల్లో వేయించి, ఆ కింద శుభాకాంక్షలు చెప్పినవాళ్ళ ఫోటోలు నా తలకాయ కంటే పెద్దవిగా వేసుకున్నారు. పెద్దాపురం వెళ్ళే బస్సులన్నీ ఆ ఫ్లెక్సీ కిందే ఆగుతాయి.

తిరిగొచ్చినప్పుడు నేనూ దాని కిందే దిగాను. శిక్షణలో గోడ ఎక్కి దూకేటప్పుడు కుడికాలు మెలికపడి మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ బాగా చేశారు, బాగా చూసుకున్నారు. చివరికి మెడికల్ బోర్డు ముందు కూర్చోబెట్టి, ఈ మోకాలు ఇక సైన్యానికి పనికిరాదని అంతే మర్యాదగా చెప్పారు. నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. లోడు మోయలేని భాగాన్ని మార్చేస్తాం. మార్చడం కుదరకపోతే యంత్రాన్ని పక్కన పెడతాం. బోర్డువాళ్ళ తర్కంలో నాకు తప్పేమీ కనిపించలేదు. అయినా ఆ బస్సు మెట్లు దిగడం మాత్రం కష్టమైంది. నేను కింద కుంటుతూ వెళుతుంటే, పైన నేనే నాకు సెల్యూట్ కొడుతున్నాను.

నా రాక మీద ఊళ్ళో మూడు సిద్ధాంతాలు తయారయ్యాయి. ఒకటి, కష్టానికి ఓర్చుకోలేక పారిపోయి వచ్చాడు. రెండు, ఏదో అమ్మాయి వ్యవహారం. మూడు, బోర్డర్లో తూటా తగిలింది. ఈ మూడోది సెలూన్లో పుట్టి, సొసైటీ ఆఫీసు మీదుగా మా ఇంటికొచ్చింది. గోడ మీంచి దూకి మోకాలు పాడుచేసుకున్నాడన్న అసలు సంగతి ఎవరికీ నచ్చలేదు. అందులో మళ్ళీ ఇంకొకళ్ళకి చెప్పుకోడానికి ఏమీ లేదు కదా. మా అమ్మ తూటా వైపు మొగ్గింది. తను అబద్ధం ఆడదు. ఎవరైనా పలకరిస్తే నా మోకాలి వైపోసారి చూసి, నిట్టూర్చి, దేవుడు కాపాడాడండి, అనేది. అది నిజమే. మిగతా యుద్ధమంతా వినేవాళ్ళే చేసుకునేవారు.

ఆదివారం మా చర్చిలో ప్రార్థన మనవులు చదువుతారు. మొదటి వారం నా మోకాలే మొదటి మనవి. కొన్నాళ్ళకి ఎవరిదో గల్ఫ్ వీసా దాన్ని దాటిపోయింది. తర్వాత ఒక ఈనలేకపోతున్న గేదె. ఆ గేదె ఈనింది, వీసా వచ్చింది, నా మోకాలు మాత్రం ‘ఇంకా మరువబడినవారి కొరకు’ అన్న ఆఖరి మనవిలో కలిసిపోయింది.

అప్పటికి నాకు పెద్దగా కోరికలేమీ లేవు. ఏం చేస్తున్నావు బాబూ అని ఎవరైనా అడిగితే, ఊపిరి బిగబట్టకుండా ఒక్క వాక్యంలో సూటిగా చెప్పుకోగల పని ఒకటి కావాలి. అంతే.

ఆ పని రాజమండ్రిలో, నా మోకాలికి వ్యాయామం చేయించుకోడానికి వెళ్ళే ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఎదురైంది. మొదట అక్కడి కప్పీ కిర్రుమంటుంటే నూనె వేశాను. తర్వాత చక్రాల కుర్చీ బ్రేకులు సరిచేశాను. అక్కడి మేడం నన్ను పేషెంటని మర్చిపోయి, ఏది చెడినా నా వైపు చూడ్డం మొదలుపెట్టారు. ఒకరోజు పక్షవాతం వచ్చిన ఓ పెద్దమనిషిని ఆయన కొడుకులిద్దరూ చెరో రెక్కా పట్టుకుని ధాన్యం బస్తాని లేపినట్టు లేపుతున్నారు. బస్తాకైతే నొప్పి ఉండదు. ఆయన కేకలు పెడుతున్నారు. గరిమనాభి, అంటే బరువంతా నిలిచే చోటు, ఎక్కడుందో చూడకుండా దేన్నీ ఎత్తకూడదని మాకు మొదటి ఏడాదిలోనే చెబుతారు. నేను వెళ్ళి ఆయన్ని మంచం అంచుకి జరిపాను. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి పెట్టించాను. ‘పైకి లేవొద్దండి, ముందుకు వంగండి చాలు,’ అన్నాను. ఆయన వంగారు. వంగేసరికి లేచారు. లేచి, నా భుజం పట్టుకుని, కొడుకుల వైపు అదోలా చూశారు.

మేడం ఆ సాయంత్రం నాతో ఒకే మాటన్నారు. ‘నువ్వు యంత్రాల్ని బాగుచేస్తూ ఇక్కడ కూర్చోకు. ఈ పని నేర్చుకో.’

నేర్చుకున్నాను. ఇంటి దగ్గర రోగుల్ని చూసుకునే కోర్సు ఒకటి చేశాను. ఆ క్లాసులో మగవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, ఎవరినైనా ఎత్తి చూపించాలంటే నన్ను పిలిచేవారు, ఎవరినైనా పేషెంటులా పడుకోబెట్టాలన్నా నన్నే పిలిచేవారు. కోర్సయ్యాక మేడం నన్ను కడియంలో ఒక ఇంటికి పంపారు.

ఆ ఇంటి పెద్దాయనకి నర్సరీలున్నాయి. ఆయన చేత్తో కట్టిన అంటుమొక్కలు లారీలెక్కి దేశమంతా వెళ్ళాయంటారు. ఇప్పుడు కుడి చెయ్యి లేవడం లేదు, మాట ఆగి ఆగి వస్తోంది. అన్నిటికంటే ప్రమాదమైనది పైకి కనిపించదు. మింగే కండరాలు బలహీనపడ్డాయి. గొంతు దగ్గర రెండు దార్లుంటాయి, ఒకటి పొట్టకి, ఒకటి ఊపిరితిత్తులకి. మింగేటప్పుడు ఊపిరి దారి మూసుకోవాలి. ఆయనకి ఆ వాల్వు ఆలస్యంగా మూసుకుంటోంది. చిక్కటివైతే నెమ్మదిగా వెళతాయి కాబట్టి వాల్వుకి టైము దొరుకుతుంది. నీళ్ళూ, కాఫీ, పాకం లాంటివి జారిపోయి తప్పుదారి పడతాయి. అందుకని ఏ ద్రవమైనా పొడి కలిపి చిక్కగా చెయ్యాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కిందికి దించి, చిన్న చెంచాతో పెట్టి, మింగారో లేదో చూసి రెండోది పెట్టాలి. అప్పటికే ఓసారి కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోయి, జ్వరం ముదిరి ఆస్పత్రిలో ఉండి వచ్చారు. ఇంకోసారి ఇలా జరిగితే నేను హామీ ఇవ్వలేనని డాక్టరుగారు వాళ్ళకి చెప్పే పంపారు.

కొడుకుగారు నా కోర్సు సర్టిఫికెట్ చూసి మడిచి పక్కన పెట్టారు. ఆర్మీ కాగితం మాత్రం రెండుసార్లు చదివారు. చదివి, ముఖం విప్పారి, ఏర్పాటు చెప్పారు. లోపల నేను చేసే పనులన్నీ చెయ్యొచ్చు. బయటికి మాత్రం నేను సెక్యూరిటీ. నాన్నగారికి ఎవరో కడిగి తుడిచి తినిపిస్తున్నారంటే మొక్కల కోసం వచ్చే పార్టీలు లోకువ కట్టేస్తారట. అదే మిలటరీ మనిషి గుమ్మంలో నిలబడ్డాడంటే నర్సరీ ఇంకా పెరిగిందనుకుంటారట. నాకు నీలం రంగు సఫారీ సూటు కుట్టించారు. ఒక విజిల్ కూడా ఇచ్చారు. మామూలుగా కొత్త మనిషి ఇంట్లోకి అడుగుపెడితే రెండో ప్రశ్నగా వచ్చే ‘మీరేమిటోళ్ళు బాబూ’ అన్నది కూడా ఎవరూ అడగలేదు. మిలటరీ అన్న మాట దాన్ని కూడా కప్పేసింది.

ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ అంతా విని, ‘అందరికీ సెక్యూరిటీ ఆఫీసరని చెబుతాన్రా. లోపలి సంగతి మనకెందుకు?’ అంది. ఒకరి మొహం ఒకరు ఎరగని రెండు కుటుంబాలు ఒకే అబద్ధం మీద ఏకాభిప్రాయానికి రావడం నేనదే మొదటిసారి చూడ్డం.

అప్పట్నుంచి కాలింగ్ బెల్ మోగితే నాకు డ్రిల్లే. గ్లౌజులు తియ్యాలి. చేతులు కడుక్కోవాలి. పెద్దాయన మెడకి కట్టిన తువ్వాలు తీసి దాచాలి, చెంచా, గిన్నె మంచం కిందికి తోసెయ్యాలి. టీషర్టు మీద సఫారీ తొడుక్కుని, విజిల్ మెళ్ళో వేసుకుని, పెరటి వైపు నుంచి తిరిగొచ్చి, అప్పుడే గేటు దగ్గర్నుంచి వస్తున్నట్టు హాల్లో నిలబడాలి. శిక్షణలో కూడా ఇంత తొందరగా డ్రెస్సు మార్చి ఎరగను. పెద్దాయన ఈ తతంగమంతా కళ్ళు తిప్పుతూ చూసేవారు. మొదటిసారి ఆయన నవ్వడం నేను సఫారీ తిరగేసి తొడుక్కున్నప్పుడే.

అసలు చిక్కు బెల్ మోగాక మొదలయ్యేది. మా గోదావరి జిల్లాల్లో జబ్బు చేసిన మనిషిని చూడ్డానికి రావడం ఒక ధర్మం. వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వడం ఇంకో ధర్మం. పెద్దాయన ఉత్త చేతులతో కూర్చుని ఉండగా మనం తాగితే ఏం బాగుంటుందండీ, ఆయన్నీ కొంచెం పుచ్చుకోమనండి, అనడం మూడోది. ఈ మూడు ధర్మాలూ వరసగా నడిచేసరికి ఆయన చేతిలోకి పల్చటి కాఫీ వచ్చేది. తాగేవారు. పొలమారేది. ముఖం ఎర్రబడి, కళ్ళ నీళ్ళొచ్చి, మాట రాక ఉక్కిరిబిక్కిరయ్యేవారు.

అప్పుడు హాల్లో అందరి ముఖాలూ వెలిగేవి.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నట్టని చెప్పనక్కర్లేదు. ఆయన భార్య, అమ్మగారు, గబగబా వచ్చి ఆయన మాడు మీద తట్టేవారు. తట్టడానికి వీలుగా గడ్డం పట్టుకుని తల పైకెత్తేవారు. ఊపిరి దారి బార్లా తెరుచుకునే కోణం సరిగ్గా అదే. ఆపైన దగ్గు ఆగడానికని మంచినీళ్ళు పట్టేవారు. తలుచుకుంటున్నది ఎవరన్న దాని మీద చర్చ జరిగేది. ఎక్కువమంది జంగారెడ్డిగూడెంలో ఇచ్చిన పెద్దమ్మాయికే ఓటేసేవారు. అమ్మగారు అప్పటికప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ కలిపి, ‘ఇప్పుడు నాన్నగార్ని తలుచుకున్నావేంటే?’ అని అడిగేవారు. అవతల ఆ అమ్మాయి, అవునమ్మా, ఇప్పుడే అనుకుంటున్నాను, అనేది. కాదని ఏ కూతురంటుంది? కాబట్టి సిద్ధాంతం ప్రతిసారీ రుజువయ్యేది. ఆ లెక్కన ఊపిరాడకుండా పోతే ఊరంతా తలుచుకుంటున్నట్టని నా అనుమానం.

నేను వాళ్ళకి బొమ్మ గీసి చూపించాను. రెండు గొట్టాలు, ఒక వాల్వు. కొడుకుగారు శ్రద్ధగా విని, మా డ్రిప్పు లైనులో కూడా ఇలాంటిదే ఉందన్నారు. అమ్మగారు భయపడ్డారు. లోపలి గదిలో నేను చెప్పినట్టే జరగాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. చిక్కటి కాఫీని పెద్దాయన బంక అనేవారు, అయినా తాగేవారు, దగ్గేవారు కాదు. హాల్లో మాత్రం కుదరదన్నారు. నలుగురి ముందూ తువ్వాలు కట్టి చెంచాతో పెట్టడమేంటి, ఆయన ఎలాంటి మనిషి, అన్నారు. అంటే నిబంధన లోపలి గది గుమ్మం వరకే. గొంతుకి ఆ గుమ్మం ఎక్కడుందో తెలీదు.

వియ్యంకుడుగారు వచ్చింది అలాంటి రోజుల్లోనే. జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోటల ఆసామి, పెద్దమ్మాయి మామగారు. ఆయనొస్తున్నారంటే ఇల్లంతా కడిగారు. పెద్దాయనకి ఇస్త్రీ పంచె కట్టి హాల్లో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాం. నన్ను తలుపు పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమన్నారు. చూడ్డానికి వచ్చిన బంధువులు నలుగురైదుగురు చుట్టూ ఉన్నారు. అందులో ఒకావిడ మా ఊరి పక్క ఊరికి కోడలు. నన్ను చూసి, ఏ ఊరు బాబూ అని అడిగి, ఫ్లెక్సీలో అబ్బాయివి నువ్వే కదూ, తూటా ఏ కాలికి తగిలిందీ అంది.

వియ్యంకుడుగారు మంచి మనిషి. ప్రమాదమంతా అక్కడే. దార్లో తాపేశ్వరం దాకా చుట్టు తిరిగి మడతకాజాలు తెచ్చారు. అట్టపెట్టె అడుగున పాకం కారుతోంది. ఆయన సోఫాలోంచి లేచి, బావగారి కుర్చీ పక్కకి స్టూలు లాక్కుని కూర్చుని, ఒక కాజా తీశారు.

‘మీకు నోట్లో పెట్టకుండా నేను తినను బావగారూ. ఒక్కటి, నా చేతి మీదుగా.’

కాజా సంగతి నాకు బాగా తెలుసు. పైన పొరలు పొరలుగా విడిపోతుంది, లోపల పల్చటి పాకం. ముక్కలు ముక్కలుగా గట్టిది, దాంతోపాటు జారిపోయే ద్రవం. పాడైన వాల్వుని పరీక్షించడానికి ఎవరైనా ప్రత్యేకంగా తయారుచేసినా ఇంతకంటే బాగా రాదు. నేను కొడుకుగారి వైపు చూశాను. ఆయన చూపు తిప్పుకున్నారు. ఆడపిల్లనిచ్చిన ఏ ఇంట్లోనూ వియ్యంకుడి చెయ్యి తోసెయ్యరు. అమ్మగారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ముందే సిద్ధంగా నిలబడ్డారు. కాజా పెదాల దగ్గరకొచ్చింది. పెద్దాయన మర్యాదస్తుడు, నోరు తెరిచారు. తెరిచి, దాని మీదుగా నా వైపు చూశారు.

నా కాళ్ళు నన్నడక్కుండానే కదిలాయి, ఆ పాడు మోకాలితో సహా. వెళ్ళి వియ్యంకుడుగారి మణికట్టు పట్టుకున్నాను. గట్టిగా కాదు. కానీ వదల్లేదు.

వియ్యంకుడుగారు కాజా వంకా, నా చేతి వంకా చూశారు.

‘ఏంటయ్యా ఇది,’ అన్నారాయన కోపం కంటే ఎక్కువ ఆశ్చర్యంతో. ‘సెక్యూరిటీవాడివి, తిండి దగ్గర నీకేం పని?’

‘నేను సెక్యూరిటీ కాదండి,’ అన్నాను. ‘ఆయనకి స్నానం చేయించేదీ, అన్నం పెట్టేదీ నేనేనండి. ఆయనకి మింగడం సరిగ్గా రావట్లేదు. ఇది ఊపిరితిత్తుల్లోకి పోతుందండి.’

‘మరి మిలటరీ?’

‘మిలటరీలో గోడ దూకి మోకాలు పాడుచేసుకున్నానండి. ఇప్పుడు ఇదే నా పని.’

పక్క ఊరి కోడలుగారు, అయితే తూటా లేదా, అని పక్కావిణ్ణి గొణుగుతూ అడిగింది. ఆ ఒక్క క్షణంలో నేను ఉద్యోగం, యుద్ధం రెండూ పోగొట్టుకున్నాను. కొడుకుగారు నా వైపు ఒకడుగు వేశారు. ఆయన నోరు తెరిచేలోపు, కుర్చీలోంచి మాట వచ్చింది. ఆయన మాట్లాడితే అందరం ఆగాలి, ఒక్కో మాటకీ మధ్య అంత ఖాళీ ఉంటుంది.

‘బావగారూ. లేత అంటుకి... గొట్టంతో పోస్తారా... నీళ్ళు?’

వియ్యంకుడుగారు కాజా పట్టుకునే ఆలోచించారు. ‘ఎందుకు పోస్తామండి, అతుకు ఊడిపోద్ది కదా. జల్లుతాం.’

‘నాదీ... అతుకే.’ ఎడం చెయ్యి లేపి నా సఫారీ అంచు పట్టుకు లాగారు. ‘ఈ అబ్బాయి... నాకు జల్లేవాడు.’

వియ్యంకుడుగారు కాజాని పెట్టెలో పెట్టేశారు. నేను సఫారీ విప్పి కుర్చీ వెనక తగిలించి, లోపలికెళ్ళి గిన్నె, చెంచా, తువ్వాలు తెచ్చాను. నలుగురి ముందే ఆయన మెడకి తువ్వాలు కట్టాను. చిక్కటి కాఫీలో రెండు చుక్కల పాకం కలిపి, గడ్డం దించమని, ఒక చెంచా పెట్టాను. మింగారు. రెండోది పెట్టాను. పొలమారలేదు. అమ్మగారి చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది, చివరికి ఆవిడే తాగేశారు.

వియ్యంకుడుగారు వెళ్ళేటప్పుడు నన్ను పెరట్లోకి పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తన తల్లిగారి సంగతి చెప్పారు. పెద్దావిడకి కూడా భోజనం దగ్గర ఇలాగే అవుతోందట. మనవరాలు తలుచుకుంటోందని మురిసిపోతున్నారట. ఆ మధ్య రెండుసార్లు జ్వరం కూడా వచ్చిందట.

‘ఓసారొచ్చి చూడయ్యా. అవసరమైతే అక్కడే ఉందువుగాని. ఊళ్ళోవాళ్ళకి మాత్రం...’ కాస్త ఆగారు. ‘మాకూ తోటలున్నాయి కదా. సెక్యూరిటీ అని చెబుదాం.’

‘సెక్యూరిటీ చెయ్యనండి,’ అన్నాను. ‘పెద్దావిణ్ణి చూసుకోడానికైతే వస్తాను, అలా అని చెప్పే వస్తాను.’

ఆయన నా ఫోన్ నంబరు తీసుకున్నారు. నన్నేమని రాసుకోవాలో తెలీక, నా ఎదురుగానే ‘మింగుడు’ అని టైపు చేసుకున్నారు.

కొడుకుగారు నన్ను పొమ్మనలేదు. సఫారీ మాత్రం వెనక్కి తీసుకున్నారు, నర్సరీ వాచ్‌మన్‌కి సరిపోయింది. విజిల్ పెద్దాయన దగ్గరే ఉంది. ఊదడం మింగే కండరాలకి మంచిదని మేడం చెబితే, ఆయన పొద్దున్నే పనివాళ్ళందరూ ఉలిక్కిపడేలా ఊదుతున్నారు.

వార్త నా కంటే ముందే మా ఊరు చేరింది. ఆదివారం నేను చర్చిలో అడుగుపెట్టేసరికి తూటా పూర్తిగా రద్దయిపోయి, దాని స్థానంలో కొత్త సిద్ధాంతం తయారైంది. నేను కడియంలో ఏదో పెద్దాయన ప్రాణం పోబోతుంటే చేతి మీద కొట్టి కాపాడానట. మణికట్టు పట్టుకోవడం పోయి కొట్టడం దాకా వచ్చింది, ఇంకో నెలకి ఇందులోనూ తుపాకీ చేరుతుంది.

చర్చి నుంచి అమ్మా నేనూ ఇంటికొచ్చాం. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం, చేపల పులుసు. తను ఎదురుగా కూర్చుని, నా వైపు చూడకుండా, ఇంతమందిలో కడుగుతాను, తుడుస్తాను అని చెప్పుకోకపోతే ఏం పోయింది, ఫ్లెక్సీ ఇంకా దింపనేలేదు, అంది. నిజమే. నేను జవాబు చెప్పబోయాను. నోట్లో ముద్ద ఉంది. పొలమారింది.

అమ్మ చెయ్యి అలవాటుగా నా మాడు మీదికి లేచింది. సగం దాకా వచ్చి గాల్లో ఆగిపోయింది. నేను దగ్గుతున్నాను. తను నా గడ్డం వైపూ, గొంతు వైపూ మార్చి మార్చి చూసింది.

‘తల పైకెత్తాలా, కిందికి దించాలా?’ అంది.

ముందుకి వంగి, చేత్తోనే కిందికని చూపించాను. తను నా వీపు మీద చెయ్యేసి, తల దించి పట్టుకుంది. దగ్గు తగ్గాక కూడా కాసేపు అలాగే పట్టుకుని ఉంది.

‘అయితే,’ అంది కొంచెం దిగులుగా, ‘ఎవరూ తలుచుకోవట్లేదన్నమాట.’